పాత ఆర్‌ఎక్స్ 100 ముందు షాకబ్జర్లు: సీళ్లు మార్చినా ఆయిలు ఎందుకు కారుతోంది?

హంద్రీతీరం (కర్నూలు):

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి 1992 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 ముందు షాకబ్జర్లను పూర్తిగా విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించాలని అనుకుంటున్నాను. కుడివైపు షాకబ్జరు కాలు నుంచి ఆయిలు కారి ఇరుసు దాకా దిగుతోంది. ఊళ్లో ఒక షాపులో రెండు వైపులా సీళ్లు మార్పించాను గానీ, నంద్యాల వెళ్లి వచ్చేసరికి పైపు మీద మళ్లీ నూనె తడి కనిపించింది. "సీలే డూప్లికేటు సామీ, ఇంకో జత తెప్పిద్దాం" అని వారు అన్నారు. ఇంకొక మెకానిక్కు మాత్రం బాటం, అంటే పైపు జారే కింది గొట్టం, అరిగిపోయిందని తేల్చేశారు. ఇద్దరిలో ఎవరూ ఏదీ కొలిచి చూడలేదు.

బండి చరిత్ర కూడా చెప్పాలి. 2009 అక్టోబరు వరదలో పాతబస్తీలోని మా ఇంట్లో ఈ బండి హ్యాండిలు దాకా మునిగి, నీళ్లు తీశాక బురదలో కొంతకాలం అలాగే ఉండిపోయింది. అప్పట్లో ఇంజను, కార్బురేటరు, చక్రాల బేరింగులు విప్పి కడిగించారు గానీ షాకబ్జర్ల జోలికి ఎవరూ పోలేదు. ఆయిలు కారడం ఒక్కటే కాదు, హ్యాండిలు మీద చేతులు తేలిక చేస్తే బండి ఎడమకు లాగుతుంది, ముందు బ్రేకు పట్టినప్పుడు "టక్" మని చప్పుడు వస్తుంది. సామాన్లు కొనకముందే ఏమేమి కొలవాలో, ఏది మార్చాలో, ఏది ఉంచుకోవచ్చో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

లేతుబల్ల (గుంతకల్లు):

హంద్రీతీరం గారూ, మూడో జత సీళ్లకు ఇప్పుడే డబ్బు పెట్టకండి. సీలు పాడవడం ఫలితమే గాని కారణం కాదు. రబ్బరు పెదవి పైపును ఆనుకుని, ఆ పైపు మీద ఉండే అతి పలుచని నూనె పొరపై జారుతూ పనిచేస్తుంది. పైపు మీది క్రోము నునుపుగా ఉన్నంతకాలం నాసి సీలు కూడా కొంతకాలం నిలబడుతుంది. క్రోములో తుప్పు గుంట పడిందంటే దాని అంచు కత్తిలా మారి, షాకబ్జరు కిందికీ పైకీ ఆడిన ప్రతిసారీ పెదవిని కొద్దికొద్దిగా చెక్కుతుంది. అప్పుడు ఎంత మంచి సీలు వేసినా అదే గతి. వరదనీటిలో మునిగిన బండి అంటున్నారు కాబట్టి నా మొదటి అనుమానం పైపుల మీదే.

విప్పకముందే ఒక పరీక్ష చేయండి. పైపును కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచి, గోటిని పైనుంచి కిందికి, తర్వాత చుట్టూ మెల్లగా నడపండి. కంటికి మచ్చగా కనిపించి గోటికి తగలనిదాన్ని వదిలేయవచ్చు, గోరు ఆగిన చోటే సీలు కూడా తెగుతుంది. ఆ తర్వాత ఒక సన్నని ప్లాస్టిక్ కేబుల్ టైను పైపు చుట్టూ వదులు లేకుండా బిగించి, డస్టు సీలు దగ్గరికి జరిపి, మీరు రోజూ తిరిగే దారిలో ఒకసారి నడపండి. టై ఎంత పైకి నెట్టబడిందో అంతవరకే సీలు ప్రయాణిస్తుందన్నమాట. దానికి పైన, టీ (రెండు పైపులనూ పట్టి ఉంచే అడ్డ దిమ్మ) కిందనో హెడ్‌లైటు చెవుల లోపలనో ఉన్న తుప్పు చూడడానికి అసహ్యంగా ఉన్నా ఆయిలు కారడానికి దానితో సంబంధం లేదు. తుప్పు చూసి భయపడి పైపులు పారేసినవారినీ, అసలు గుంటను చూడకుండా సీళ్లు మారుస్తూ పోయినవారినీ మా షెడ్డులో ఇద్దరినీ చూస్తూనే ఉంటాను.

ఆ పరిధిలో ఉన్న గుంటలు చిన్నవైతే, చుట్టూ లేచిన అంచును 1000 నంబరు నీటి కాగితంతో (ఎమరీ కాగితంతో) నూనె వేసి దించవచ్చు. కాగితాన్ని పైపు చుట్టూ తిప్పుతూ రుద్దాలి గాని నిలువుగా రుద్దకూడదు, ఎందుకంటే నిలువు గీత ప్రతిదీ నూనెకు కాలువ అవుతుంది. లోతైన గుంటను ఎపాక్సీతో నింపి సమం చేసేవారు ఉన్నారు. అది కొన్నాళ్లు ఆగుతుంది, అంతకు మించి దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

కొత్తచేయి (ప్రొద్దుటూరు):

మధ్యలో అడుగుతున్నందుకు పెద్దలు మన్నించాలి. నా దగ్గర హీరో హోండా సీడీ 100 ఉంది, దానికీ ఇదే బాధ. గుంటలు పైపుకు ముందువైపే ఉన్నాయి. పైపును టీలో సగం చుట్టు తిప్పి గుంటలు వెనక్కి వచ్చేలా బిగిస్తే సరిపోతుందని ఇక్కడ ఒకరు అన్నారు. అది నిజమేనా?

లేతుబల్ల (గుంతకల్లు):

తమ్ముడూ, సీలు పైపు చుట్టూ ఉంటుంది కదా, గుంట ముందుంటే ముందు పెదవి, వెనకుంటే వెనక పెదవి తెగుతుంది. ముందువైపు గుంటలు ఎక్కువగా ఉండడానికి కారణం ముందు వెళ్లే లారీల నుంచి ఎగిరివచ్చే కంకర, దుమ్ము. అందుకే కొన్ని పాత బండ్లకు ఆ భాగాన్ని కప్పే రబ్బరు బెల్లోలు కంపెనీ నుంచే వచ్చేవి. తిప్పి బిగిస్తే కొత్తగా ముందుకు వచ్చిన వైపు కూడా దెబ్బతింటుంది.

కడపబండ (కడప):

గుంటల సంగతి లేతుబల్ల గారు చెప్పారు కనుక నేను వంపు సంగతి చెబుతాను. బండి ఎడమకు లాగుతోందన్న మాట నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. టైరు, చక్రం సమరేఖ, కోన్‌సెట్టు (హ్యాండిలు తిరిగే బేరింగు) సరిగా ఉన్నాయనుకుంటే, మిగిలేవి రెండు: పైపు వంగి ఉండాలి, లేదా రెండు పైపులను పట్టుకున్న టీ మెలితిరిగి ఉండాలి. ఈ రెండూ వేరువేరు జబ్బులు, మందులూ వేరు. పైపు వంగితే అది బాటంలో ఒక పక్కకు ఒరుసుకుంటూ కదులుతుంది. సీలు ఒకవైపు నలిగి, రెండోవైపు సందు ఏర్పడి ఆయిలు పోతుంది. కాబట్టి వంపు కూడా ఆయిలు కారడానికి ఒక మూలమే.

టీ మెలికను చూడడానికి ఖరీదైన పనిముట్టు అక్కరలేదు. చక్రం, మడ్‌గార్డు తీసివేసి, రెండు పైపులు టీలో ఉండగానే, వాటి ముందువైపు ఒక మందపాటి అద్దం పలకను అడ్డంగా ఆనించండి. నాలుగు మూలలా ఒకేసారి ఆనితే రెండు పైపులూ ఒకే తలంలో ఉన్నట్టు. ఒక మూల లేచి పలక ఊగితే టీ మెలితిరిగినట్టు, లేదా ఒక పైపు వంగినట్టు. అప్పుడు కింది క్లాంపు బోల్టు వదులు చేసి ఒక పైపును దాని స్థానంలోనే కొద్దికొద్దిగా తిప్పండి. తిప్పేకొద్దీ ఊగుడు మారుతూ ఉంటే వంగింది ఆ పైపే. ఎంత తిప్పినా ఊగుడు మారకపోతే టీని అనుమానించాలి.

పైపులు బయటికి తీశాక మాకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, అదే మా పాలిష్ కడప బండ. వంటగట్టు మీద పైపును దొర్లిస్తే పెద్ద వంపు వెంటనే తెలిసిపోతుంది. చిన్న వంపుకు మాత్రం బండను నమ్మకండి, ఎందుకంటే ఎంత పాలిష్ పట్టినా మెరుపు వేరు, చదును వేరు. కిటికీకి వేసే మామూలు అద్దం పలకే అంతకంటే చదునుగా ఉంటుంది. నా పేరు చూసి బండ తరఫున మాట్లాడతానని ఎవరూ అనుకోనక్కరలేదు.

లేతుబల్ల (గుంతకల్లు):

అద్దం మీద దొర్లించడం వంపు ఉందో లేదో చెబుతుంది గాని ఎంత ఉందో చెప్పదు. దానికి రెండు వీ బ్లాకుల (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మల) మీద పైపును ఉంచి, మధ్యలో డయల్ గేజీ (చిన్న కదలికను కొలిచే పనిముట్టు) ముల్లు ఆనించి, పైపును మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పాలి. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది: ముల్లు కదిలిన మొత్తం దూరం వంపుకు రెట్టింపు. గేజీ 0.4 మి.మీ. చూపితే అసలు వంపు 0.2 మి.మీ. అని అర్థం. చాలా మాన్యువళ్లు అనుమతించే హద్దు 0.2 మి.మీ. చుట్టుపక్కలే ఉంటుంది. కానీ ఆ అంకె గేజీ పాఠమా, అందులో సగమా అన్నది మాన్యువల్లో చదివి తెలుసుకున్నాకే తీర్పు చెప్పాలి.

రోడ్‌కింగ్‌ప్రేమి (అనంతపురం):

ఇంత లెక్క అవసరమా అని నా సందేహం. మా అనంతపురంలో ప్రెస్సు మీద ఫోర్కు బెండు తీసేవారు ఉన్నారు. మైసూరులో తయారైన నా యెజ్దీ రోడ్‌కింగుకు ఒకప్పుడు గుద్దుకున్నాక అలాగే బెండు తీయించాను. నాటినుంచి నేటివరకూ ధర్మవరం, హిందూపురం, పుట్టపర్తి దారుల్లో తిరుగుతూనే ఉన్నాను. పాత బండ్లకు అసలు పైపులు దొరకడమే కష్టం, దొరికినవాటిలో సగం పలుచని క్రోముతో వచ్చే నకిలీలు. ఉన్నదాన్ని సరిచేసుకోక పారేయమనడం పాత బండ్లు నడిపేవారికి పొసగే సలహా కాదు. హంద్రీతీరం గారు ముందు బెండు తీయించి చూడవచ్చు.

లేతుబల్ల (గుంతకల్లు):

రోడ్‌కింగ్‌ప్రేమి గారి మాటలో సగం నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే బెండు తీసే పని నేనూ చేస్తాను. ఒప్పుకోని సగం ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

గుద్దుకున్నప్పుడు పైపు ఎక్కడ వంగుతుంది? దాదాపు ఎప్పుడూ కింది టీ కిందనే, అంటే పైపు గట్టిగా బిగించి ఉన్న చోటు ముగిసి స్వేచ్ఛగా ఉన్న చోటు మొదలయ్యే దగ్గర. బ్రేకు పట్టిన ప్రతిసారీ, గుంతలో పడిన ప్రతిసారీ అత్యధిక ఒత్తిడి పడేదీ ఆ చోటే. అక్కడ ఉక్కు ఒకసారి సాగి వంగిపోయి, మళ్లీ ప్రెస్సు కింద వెనక్కి వంచబడితే, కంటికి తిన్నగా కనిపించినా ఆ లోహం మునుపటిది కాదు. పైపు బోలుగా ఉంటుంది కనుక వంగినచోట గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది, ప్రెస్సు వంపును తీస్తుంది గాని ఆ ఆకారాన్ని పూర్తిగా తీయలేదు. పైన ఉన్న క్రోము ఉక్కులా సాగదు, వంచినప్పుడు వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి, ఆ పగుళ్లలో నుంచి తుప్పు లోపలికి దిగుతుంది. వంగిన లోపలి పైపును తిన్నగా చేయడానికి ప్రయత్నించవద్దని, అలా చేస్తే పైపు ప్రమాదకరంగా బలహీనపడుతుందని యమహా సర్వీసు మాన్యువళ్లే స్పష్టంగా హెచ్చరిస్తాయి.

నేను పాటించే పద్ధతి ఇది. వంపు పైపు పొడవంతా సాగి, ఎక్కడా మడత లేకుండా, గేజీకి మాత్రమే తెలిసేంత చిన్నదైతే చల్లగానే, వేడి తగలనివ్వకుండా ప్రెస్సు మీద సరిచేస్తాను. వేలితో తడిమితే మడత తెలిసినా, వెర్నియరుతో (వ్యాసం కొలిచే స్కేలుతో) రెండు దిక్కులా కొలిస్తే వ్యాసంలో తేడా వచ్చినా ఆ పైపును బండికి వేయను, బండి యజమాని బతిమాలినా వేయను. గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచే పద్ధతి ఎక్కడైనా కనిపిస్తే ఆ బండి ఎక్కకండి. అన్నగారి యెజ్దీ ఇన్నాళ్లు నడిచిందంటే ఆ వంపు మొదటి రకానిదై ఉంటుంది.

రోడ్‌కింగ్‌ప్రేమి (అనంతపురం):

మడత ఉన్న పైపు విషయంలో మీ మాటే సరైనది. నా బండికి అప్పుడు మడత లేదు. అయితే మార్చాలనుకుంటే పైపులు ఎక్కడ తెచ్చుకోవాలో కూడా చెప్పాలి గదా.

లేతుబల్ల (గుంతకల్లు):

రెండు దారులు. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగినా దానికి బజారులో విడిభాగాలు ఇంకా వస్తున్నాయి. కొనేముందు పైపును మూడు నాలుగు చోట్ల మైక్రోమీటరుతో కొలిచి, లోపలి అంచులు, మరలు చూసి తీసుకోవాలి. రెండో దారి, పాత పైపు తిన్నగా ఉండి గుంటలు మాత్రమే ఉంటే, దాన్ని గ్రైండింగు చేసి, హార్డ్ క్రోము వేయించి, మళ్లీ అసలు కొలతకు గ్రైండింగు చేయించడం. అద్దాలకు, బంపర్లకు మెరుపు కోసం వేసే క్రోము మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే తక్కువ మందమే ఉంటుంది, అది ఇక్కడ పనికిరాదు. హైడ్రాలిక్ కడ్డీలకు వేసే మందపాటి హార్డ్ క్రోమే కావాలి. మన జిల్లాల్లో అందరికీ ఆ సౌకర్యం అందుబాటులో ఉండదు కాబట్టి హైదరాబాదు బాలానగర్ వైపో, బెంగళూరు పీణ్య వైపో పంపవలసి వస్తుంది. కర్నూలు నుంచి ఒకటి, అనంతపురం నుంచి మరొకటి దగ్గర.

హంద్రీతీరం (కర్నూలు):

అందరి సలహాలూ చదివి, గోటి పరీక్ష, అద్దం పరీక్ష చేశాక షాకబ్జర్లు విప్పాను. కనుగొన్న సంగతులు రాస్తున్నాను.

కుడి పైపు మీద, కేబుల్ టై చూపిన పరిధిలోనే, గోరు ఆగే గుంటలు వరుసగా ఉన్నాయి. పైపు మాత్రం తిన్నగా ఉంది. ఎడమ పైపు మెరుస్తూ ఉంది గాని వీ బ్లాకుల మీద గేజీ 0.7 మి.మీ. చూపింది, అంటే వంపు 0.35. కింది టీ దగ్గర వెర్నియరుతో కొలిస్తే గుండ్రంలో తేడా కూడా ఉంది. కారేది కుడివైపు కాబట్టి అందరి చూపూ కుడివైపే ఉంది, లాగడానికి కారణం ఎడమవైపు ఉంది.

విప్పేటప్పుడు ఒక ఇబ్బంది వచ్చింది. బాటం అడుగున ఉన్న అలెన్ బోల్టును తిప్పితే లోపలి పిస్టన్ కడ్డీ కూడా దానితోపాటే తిరిగిపోతోంది. స్ప్రింగు ఇంకా లోపల ఒత్తిడిలో ఉండగానే ఆ బోల్టును వదులు చేసుకోవాలని తర్వాత ఇక్కడి పాత చర్చలో చదివాను. స్ప్రింగు తిరిగి పెట్టి, టోపీ బిగించి, మరొకరు షాకబ్జరును అదిమి పట్టుకుంటే బోల్టు వచ్చింది. లోపలి నుంచి వచ్చిన ద్రవాన్ని ఆయిలు అనడానికి లేదు, పాలలో బూడిద కలిపినట్టు ఉంది. బాటం అడుగున సన్నని ఒండ్రు మట్టి గట్టిపడి, పిస్టన్ కడ్డీ కింది రంధ్రాల్లో ఒకదాన్ని పూర్తిగా మూసేసింది. తుంగభద్ర నీళ్లు ఇన్నేళ్లూ అందులోనే ఉన్నాయన్నమాట.

స్ప్రింగులు రెండింటినీ పక్కపక్కన నిలబెడితే ఒకే పొడవు ఉన్నాయి, మాన్యువల్లోని హద్దుకు పైనే ఉన్నాయి కనుక వాటిని ఉంచుకుంటున్నాను. పైపులు రెండూ కొత్తవి తెప్పిస్తున్నాను. బాటంలో కొత్త పైపు పెట్టి పక్కలకు ఊపినప్పుడు ఎంత ఆట ఉంటే తప్పు అన్నది ఎవరైనా చెప్పగలరా?

లేతుబల్ల (గుంతకల్లు):

ఈ తరగతి నూరు సీసీ బండ్లు చాలావాటిలో విడిగా మార్చే బుష్షు ఉండదు, పైపు అల్యూమినియం బాటంలోనే నేరుగా జారుతుంది. అందుకని కొత్త పైపుతోనే చూడాలి, పాత పైపుతో చూస్తే ఏది అరిగిందో తెలియదు. నూనె రాసి పెట్టి, పైపును పూర్తిగా పైకి లాగిన స్థితిలో అటూ ఇటూ ఊపండి. కొద్దిగా ఆట సహజం. టకటక చప్పుడు వచ్చేంత ఆట ఉంటే బాటం లోపల బోరు చేసి కంచు స్లీవు వేయవచ్చు, నేను వేస్తుంటాను. కానీ లోపలి గోడ మందం చూడకుండా ఎవరి చేతా బోరు చేయించకండి.

కొత్తచేయి (ప్రొద్దుటూరు):

మా దగ్గర మెకానిక్కులు షాకబ్జర్లలో 20డబ్ల్యూ 40 ఇంజను ఆయిలే పోస్తారు. కొందరైతే ఇంజను నుంచి తీసిన నల్లటిదే పోస్తారు. చిక్కటి ఆయిలు పోస్తే కారడం తగ్గుతుందని, రాయలసీమ ఎండకు అదే సరిపోతుందని అంటారు. ఇందులో నిజమెంత?

ఆయిలులెక్క (అనంతపురం):

నేను పాలిటెక్నిక్‌లో యంత్రశాస్త్రం చెబుతాను. ఈ ప్రశ్నకు కాస్త పొడుగు సమాధానం తప్పదు.

ఆయిలు చిక్కదనాన్ని 40 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర సెంటీస్టోకులలో కొలుస్తారు. 10డబ్ల్యూ అని అమ్మే ఫోర్కు ఆయిళ్లు స్థూలంగా 32 సెంటీస్టోకుల చుట్టుపక్కల ఉంటాయి. 20డబ్ల్యూ 40 ఇంజను ఆయిలు అదే ఉష్ణోగ్రత దగ్గర 110 నుంచి 130 మధ్య ఉంటుంది, అంటే మూడు రెట్లకు పైగా చిక్కన. మే నెలలో కర్నూలు, అనంతపురాల్లో పగటి వేడి 40 దాటుతుంది నిజమే. కానీ ఆ కొలత తీసిందే 40 దగ్గర కాబట్టి మన ఎండ ఆయిలును అనూహ్యంగా పలుచన చేయదు. ఎండ కోసం మూడు రెట్లు చిక్కనిది పోస్తే, డిసెంబరు తెల్లవారుజామున బండి తీసినప్పుడు ఆ షాకబ్జరు కదలడానికే మొరాయిస్తుంది. స్ప్రింగు అణిగి తిరిగి లేచేలోపు తర్వాతి గుంత వచ్చేస్తుంది, అలా వరుస గుంతల మీద షాకబ్జరు కిందికి కూరుకుపోతూ పోతుంది. కారడం తగ్గినట్టు కనిపించడానికి కారణం అది కదలకపోవడమే.

ఈ పాత రకం షాకబ్జరులో ఒక పుట్టు లోపం ఉంది. పిస్టన్ కడ్డీకి ఉన్న స్థిరమైన రంధ్రాల గుండా ఆయిలు వెళ్లాలి. అలాంటి రంధ్రంలో ప్రవాహ వేగం రెండింతలైతే నిరోధం నాలుగింతలు అవుతుంది. అందువల్ల స్పీడ్‌బ్రేకరు మీద నెమ్మదిగా వెళ్లినప్పుడు మెత్తగా ఊగుతుంది, అదే బండి హైవే మీద వేగంగా గుంతలో పడితే చేతులకు గట్టిగా కొడుతుంది. ఆయిలు మార్చి ఈ రెంటిలో ఒకదాన్ని మెరుగుపరిస్తే రెండోది కొంత చెడుతుంది. హంద్రీతీరం గారి బండిలో ఒక రంధ్రం మట్టితో మూసుకుపోయింది కనుక ఆ కాలు రెండో కాలికంటే చాలా బిగువుగా పనిచేసి ఉండాలి.

డబ్బా మీది డబ్ల్యూ అంకెను పూర్తిగా నమ్మకూడదు. ఫోర్కు ఆయిళ్లకు ఆ అంకె విషయంలో అందరూ పాటించే ఒకే ప్రమాణం లేదు, ఒక కంపెనీ 10డబ్ల్యూ మరో కంపెనీ 15డబ్ల్యూకు దగ్గరగా ఉండవచ్చు. వివరపత్రంలో 40 డిగ్రీల దగ్గరి సెంటీస్టోకుల అంకె చూసి కొనండి.

రోడ్‌కింగ్‌ప్రేమి (అనంతపురం):

ఫోర్కు ఆయిలు దొరకని చోట ట్రాక్టరు, జేసీబీ సామాన్ల దుకాణంలో దొరికే 32 నంబరు హైడ్రాలిక్ ఆయిలు నేను వాడుతున్నాను. ఆ నంబరు 40 డిగ్రీల దగ్గరి సెంటీస్టోకులే కదా?

ఆయిలులెక్క (అనంతపురం):

అవును, ఐఎస్ఓ 32 అంటే సరిగ్గా అదే, పదిశాతం అటూ ఇటూ. అవసరానికి నిక్షేపంగా వాడవచ్చు. నురుగు పట్టకుండా చేసే గుణం అసలు ఫోర్కు ఆయిలులో మెరుగ్గా ఉంటుంది, అంతే తేడా.

ఇంకొక విషయం పరిమాణం. ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో మీ మోడలు మాన్యువల్ చెబుతుంది, అది పూర్తిగా ఎండిన షాకబ్జరుకు చెప్పిన లెక్క. లోపల పాత తడి మిగిలి ఉంటే ఆ లెక్క తప్పుతుంది. అందుకని పోశాక, స్ప్రింగు లేకుండా, పైపును పూర్తిగా కిందికి దించి, గాలి బుడగలు పోయేదాకా పైకీ కిందికీ ఆడించి, పైపు పై అంచు నుంచి ఆయిలు మట్టం దాకా ఉన్న దూరాన్ని సన్నని స్కేలుతో కొలవండి. రెండు కాళ్లలోనూ ఈ దూరం ఒక్కటే కావడం మిల్లీలీటర్ల లెక్కకంటే ముఖ్యం. ఆయిలు పైన బంధించబడిన గాలి కూడా ఒక స్ప్రింగే. దాని ఘనపరిమాణం మూడోవంతుకు కుదిస్తే పీడనం సుమారు మూడు రెట్లవుతుంది. ఆయిలు ఎక్కువ పోస్తే ఆ గాలి తగ్గి, అణిగే చివరి భాగంలో షాకబ్జరు అకస్మాత్తుగా గట్టిపడుతుంది, సీలును బయటికి నెట్టే ఒత్తిడీ పెరుగుతుంది. కారిపోతోంది కదా అని ముందే ఎక్కువ పోసేవారు సీలుకు మేలు చేయడం లేదు.

నిర్వాహకుడు:

సభ్యులకు మనవి. విడిభాగాల అమ్మకందారుల పేర్లు, ఫోను నంబర్లు ఈ చర్చలో రాయవద్దు. చర్చ చక్కగా సాగుతోంది, కొనసాగించగలరు.

కడపబండ (కడప):

బిగించే దశకు వచ్చారు కనుక, సాధారణంగా తొందరలో వదిలేసే సంగతులు చెబుతాను. బాటంలో పాత సీలు కూర్చున్న గాడిని చూడండి. పాత సీలును స్క్రూడ్రైవరుతో పెకలించినవారు అక్కడ గీతలు పెట్టి ఉంటే, కొత్త సీలు బయటి అంచు నుంచే ఆయిలు కారుతుంది, అప్పుడు పైపునూ సీలునూ ఎంత నిందించినా లాభం లేదు. సీలు మీద అచ్చువేసిన మూడు అంకెలు వరుసగా లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. వాటిని పాతదానితో సరిపోల్చుకోండి. స్ప్రింగు తీగ కనిపించే వైపు కిందికి, అంటే ఆయిలు వైపు ఉండాలి. పైపు పై అంచుకు పలుచని ప్లాస్టిక్ సంచి చుట్టి, దానికి ఆయిలు రాసి, ఆపైన సీలును జార్చండి, లేకపోతే ఆ అంచే కొత్త పెదవిని కోసేస్తుంది. సీలును సుత్తితో ఒక్కో పక్క కొట్టకుండా, పైపు మీదుగా పట్టే వ్యాసం ఉన్న పీవీసీ గొట్టం ముక్కతో నిలువుగా దించండి. సీలును పట్టి ఉంచే సర్‌క్లిప్పు రింగు గాడిలో చుట్టూ పూర్తిగా కూర్చునేదాకా అది దిగలేదనే లెక్క.

అడుగు అలెన్ బోల్టుకు కొత్త రాగి వాషరు, మరలకు లాకింగు జిగురు తప్పనిసరి. పాత వాషరు గట్టిపడి ఉంటుంది, అక్కడి నుంచి ఊరే ఆయిలును చూసి కూడా సీలు పోయిందనుకుంటారు.

చక్రం ఎక్కించేటప్పుడు బాటం మీద ఉన్న మొటిమ బ్రేకు ప్లేటు మీది గాడిలో కూర్చుందో లేదో కళ్లతో చూడండి. డ్రమ్ము బ్రేకు బండిలో ఇది తప్పితే బ్రేకు పట్టగానే ప్లేటు చక్రంతోపాటు తిరిగి చక్రం పట్టేస్తుంది. ఇరుసును వెంటనే గట్టిగా బిగించవద్దు. బండిని స్టాండు దించి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిలును బలంగా కిందికి నొక్కుతూ పలుమార్లు ఆడించి, రెండు కాళ్లూ తమ దారిలో తాము సర్దుకున్నాక బిగించాలి. ఈ ఒక్క పని చేయక, కొత్త సామాన్లు వేసి కూడా షాకబ్జరు పట్టేస్తోందని బాధపడేవారు ఉన్నారు.

హంద్రీతీరం (కర్నూలు):

పని పూర్తయింది. కొత్త పైపులు, సీళ్లు, రాగి వాషర్లు వేశాను. బాటంలో ఆట సహజంగానే ఉంది కనుక స్లీవు అవసరం రాలేదు. పిస్టన్ కడ్డీల రంధ్రాలన్నీ సన్నని తీగతో, పెట్రోలుతో శుభ్రం చేశాను. 32 సెంటీస్టోకుల ఆయిలు పోసి, రెండు వైపులా మట్టం ఒక్కటే వచ్చేలా సరిచూశాను. అద్దం పలక నాలుగు మూలలా ఆనుతోంది, అంటే టీకి దోషం లేదు. ఓర్వకల్లు దాకా వెళ్లి వచ్చాను. పైపులు పొడిగా ఉన్నాయి, బండి తిన్నగా పోతోంది.

ఒక్క "టక్" చప్పుడు మాత్రం పోలేదు. చక్రాన్ని లేపి హ్యాండిలును మెల్లగా తిప్పితే, సరిగ్గా మధ్యలోకి రాగానే ఒక మెట్టులో పడినట్టు ఆగుతోంది. కోన్‌సెట్టు విప్పితే కింది గిన్నెలో గోళీలు కూర్చున్న చోట్ల గుంటలు పడి ఉన్నాయి. షాకబ్జర్లలో ఉందని నేను మొదటి నుంచీ అనుకున్న చప్పుడు అక్కడిది. గిన్నెలు, కోన్లు, గోళీలు మొత్తం సెట్టుగానే మార్చాలా, గోళీలు మాత్రమే మారిస్తే సరిపోతుందా?

లేతుబల్ల (గుంతకల్లు):

మొత్తం సెట్టే మార్చాలి. గుంట పడిన గిన్నెలో కొత్త గోళీలు వేస్తే అవి కూడా అదే గుంటలో కూర్చుంటాయి. కొత్త గిన్నెలు తిన్నగా దిగాయో లేదో చూసి, హ్యాండిలు తన బరువుకు తానే రెండు పక్కలకూ వాలేంత వదులుగా, ముందు వెనక్కి ఊపితే ఆట లేనంత బిగువుగా పెట్టండి. కొంత దూరం నడిచాక గిన్నెలు సర్దుకుని వదులవుతాయి, అప్పుడు మరోసారి సరిచూడాలి.

వంగిన ఎడమ పైపును మాత్రం షెడ్డులో నిలబెట్టి ఉంచకండి, పాత సామాన్లవాడికి అలాగే వేయకండి. మెరుస్తూ ఉంది కనుక రేపు ఎవరో దాన్ని మంచి పైపని మరో బండికి వేస్తారు. రంపంతో మధ్యకు కోసి వేయండి.

కొత్తచేయి (ప్రొద్దుటూరు):

ఇంత చదివాక నా సీడీ 100 షాకబ్జర్లు కూడా విప్పేశాను. గేజీ లేదు. పైపులు గుంతకల్లుకు తెస్తే కొలిచి చెబుతారా అన్నా?

లేతుబల్ల (గుంతకల్లు):

ఆదివారం తప్ప ఏ రోజైనా తీసుకురా తమ్ముడూ. పైపులతోపాటు బాటంలు, తీసేసిన పాత సీళ్లు కూడా తీసుకురా. సీళ్లను కడగవద్దు, ఏది కుడిదో ఏది ఎడమదో, ఏ అంచు ముందువైపు ఉండేదో సుద్దముక్కతో గుర్తుపెట్టు. పెదవి ఏ పక్క తెగిందో చూస్తే, గేజీ పెట్టకముందే సగం సంగతి తెలుస్తుంది.